కూర్చున్న శవం

కృష్ణ ఒడ్డున జొన్నచేలో దొరికిన శవం కూర్చుని ఉందని ఈరమ్మ వగరుస్తూ చెప్పేసరికి, తాలీం గోదాలో ఎర్రమట్టి తిరగేస్తున్న కుస్తీ ఉస్తాదు లింగయ్య చేతిలో పార ఆగిపోయింది.

“కూసున్నదేంది? పిచ్చి లేసిందా నీకు?”

“పండే ఉన్నదన్నా. పక్కకు ఒరిగి పండుకున్నది. గని నడుము ఒంగి, మోకాళ్లు మడిచి, పీట మీద కూసున్న మనిషి తీరుగ ఉన్నది. పీట ఒక్కటే లేదు. కోతకొచ్చినోళ్లమంత కొడవండ్లు పారేసి ఉరికినం.”

“ఎవరు?”

“సాలెగేరి కురుమూర్తి.” ఈరమ్మ తన మెడ మీద చెయ్యి పెట్టుకుంది. “మెడ ఎడమదిక్కు తిరిగిపోయున్నది, ఉస్తాదన్నా.”

లింగయ్య పార కింద పెట్టాడు. గద్వాలలో ఆ మెడ సంగతి తెలియనివాళ్లు లేరు. పోయిన నెల సాలెగేరి వీధి పొడుగునా కురుమూర్తి మగ్గపు పడుగు సాగదీసి గంజి పెడుతుంటే, ఈరమ్మ మొగుడు దేవదాసు మేతబండి తోలుకొచ్చి దాని మీదినుంచి పోనిచ్చాడు. అది జములమ్మ తల్లికి మొక్కిన చీర పడుగు. కురుమూర్తి వాడి అమ్మానాన్నలను కూడా కలిపి తిట్టాడు. దేవదాసు బండి దిగి, వీధి వీధంతా వింటుండగా, “నీ మెడ ఒక్కసారి తిప్పిన్నంటే మల్ల దారం దిక్కు సూడవు బిడ్డా” అన్నాడు.

ఆ మెడ తిప్పే పట్టు దేవదాసుకు నేర్పింది లింగయ్యే.

“మా ఆయనను పోలీసు అమీను పట్టుకపోయిండన్నా. తెల్లారి మేతకని అటుదిక్కే పోయిండంట, ఎవరో సూసిన్రంట. పొద్దుగూకే రైలుకు పాలమూరు పంపుతరంట. జర రాన్నా, నీ మాట ఇంటడు అమీను.”

లింగయ్య తువ్వాలు భుజాన వేసుకుని బయలుదేరాడు. దారిలో ఈరమ్మ ఏడుస్తూ ఏదో చెబుతూనే ఉంది, ఆయన చెవికి ఎక్కలేదు. కొత్తగా వచ్చిన ప్రతి కుర్రాడికీ ఆయన మొదటిరోజు చెప్పే పాఠం ఒకటుంది. “మోకాలు తలుపు లాంటిది. తెరుసుకుంటది, మూసుకుంటది, అంతే. భుజం రోట్లె రోకలి, ఎటు తిప్పితె అటు పోతది. మెడ ఇసుర్రాయి. మేకు మీద అటింత, ఇటింత తిరుగుతది. దాటిచ్చినవా, మనిషి మిగలడు.” దేవదాసు ఆ పాఠం విన్నాడు. పోయిన ఏడు ఆత్మకూరు కుస్తీల్లో కోపం పట్టలేక ఒకడి మెడను ఆ హద్దు దాకా తెచ్చాడు కూడా. అప్పుడు తానే గోదాలోకి దూకి విడిపించాడు.

నిజంగా వీడే చేశాడా?

ఠాణా ముందు వేపచెట్టు కింద నులకమంచం మీద శవాన్ని పెట్టారు. కప్పిన దుప్పటి గుడారంలా లేచి ఉంది, లోపల మోకాళ్లు ఎత్తుకునే ఉన్నాయి మరి. చుట్టూ సాలెగేరి జనం. మంచం తలాపున కురుమూర్తి తమ్ముడు వెంకట్రాములు తల పట్టుకుని కూర్చున్నాడు. కురుమూర్తి భార్య తిరుపతమ్మ ఊళ్లో లేదు, కూతురి కాన్పుకని వనపర్తి వెళ్లింది. ఇద్దరు పసిగుడ్లను పోగొట్టుకున్న ఆ కూతురికి ఇది మూడో కాన్పు. జములమ్మ చీర మొక్కు అందుకే.

ఠాణా కటకటాల్లోంచి దేవదాసు అరిచాడు. “ఉస్తాద్! నేను ముట్టలే! నా పిల్లల మీద ఒట్టు, ముట్టలే!”

“నోరు మూసుకో రా దాసు,” అన్నాడు లింగయ్య.

అమీను గడప మీద నిలబడి బీడీ ముట్టిస్తున్నాడు. మాటల మనిషి కాదు గాని చూపు ఉన్నవాడు. “ఏం ఉస్తాద్, నీ చేలా దేవదాసు కోసం వచ్చినవా? మెడ చూసినవా? ఈ ఊర్ల గట్ల తిప్పేటోడు ఇంకెవడున్నడు? నువ్వున్నవు. నిన్న రాత్రి నువ్వెక్కడున్నవు?”

“నవ్వులాటకు టైం కాదు సాబ్. ఒక్కసారి పీనుగను సూడనియ్యి. నేను ఎముకలు కట్టెటోన్ని. మెడ ఇరిగిందో లేదో చెప్త.”

“ఇరిగితె ఇరిగిందని చెప్తవా?”

లింగయ్య కటకటాల వైపు చూశాడు. “చెప్త,” అన్నాడు.

“చూడు అయితే.”

వెంకట్రాములు చప్పున లేచాడు. “ఎంత సేపు సాబ్? మావాళ్లు కట్టెలు పేర్చిన్రు. మా అన్నను గిట్ల నలుగురిల పెట్టి సూసుకుంట కూసుంటరా?”

“సూడనియ్యి రాములు,” అన్నాడు సాలెగేరి పెద్ద ఒకాయన. “ఖూనీ చేసినోడు దొరకాలె గద.”

లింగయ్య దుప్పటి తీశాడు. ముందు దవడ పట్టుకున్నాడు, అది కదిలింది. రెండు చేతులూ చెవుల కింద పెట్టి తలను మెల్లగా తిప్పాడు. బిర్రుగానే ఉన్నా, కాస్త ఆనితే ఎడమవైపు నుంచి మధ్యకు, మధ్యలోంచి కుడివైపుకు వచ్చింది. ఆయన కళ్లు మూసుకుని వేళ్లతో విన్నాడు. విరిగిన మెడ లోపల కరకరమంటుంది, నూకలు తొక్కినట్టు. ఇది అనలేదు. హద్దు దగ్గర ఆగవలసిన చోట ఆగింది.

ఆయన ఊపిరి వదిలాడు. దేవదాసు ముట్టలేదు. కనీసం మెడ ముట్టలేదు.

“నీ చేయి పెట్టు సాబ్. తిప్పి సూడు. ఇరిగిన మెడ హద్దు దాటి పోతది. ఇది ఆగుతుంది సూడు.”

అమీను మొహం చిట్లించుకున్నాడు గాని చేయి పెట్టాడు, తిప్పి చూశాడు. “ఠీక్ హై. ఇరగలే. అయితే మూతి మూసి చంపి ఉంటడు. చంపినంక సంచిల కుక్కి మేతబండిల తెచ్చి పారేసిండు. అందుకే గిట్ల ముడుసుకొని ఉన్నడు. నీ చేలాకు బండి ఉన్నది, సంచులు ఉన్నయి.”

జనం అవునవునన్నారు.

లింగయ్యకు ఇంకో భయం మొదలైంది. చచ్చిన మనిషి బిర్రబిగియడం ఆయనకు తెలుసు, ఎన్ని శవాల కాళ్లు సర్ది పాడె కట్టాడో! బిగుతు ముందు దవడ నుంచి పోతుంది, తర్వాత మెడ, తర్వాత చేతులు, ఆఖరున కాళ్లు. మెడ ఇప్పటికే వదిలింది. మాఘమాసపు ఎండ ముదురుతోంది. ఇంకాసేపటికి ఈ కూర్చున్న మనిషి మామూలుగా పడుకున్న మనిషై పోతాడు. ఆ తర్వాత సంచి అన్న మాటే మిగులుతుంది. రైలు వచ్చేస్తుంది.

ఆయన శవం చుట్టూ తిరిగాడు. సంచిలో కుక్కితే చేతులు రొమ్ముకు ముడుచుకోవాలి. ఈ కుడిచేయి ముందుకు చాచి ఉంది. మోచేయి కొంచెం మడిచి, అరచెయ్యి ఆకాశం వైపు తిరిగి, ఎవరో ఏదో అందిస్తే పట్టుకోబోతున్నట్టు. నడుం ముందుకు వంగి ఉంది. తొడలు ఎదురుగా లేచి ఉన్నాయి. మోకాళ్లు సగం మడిచి ఉన్నాయి. బండి తోలేవాడు ఇలా కూర్చుంటాడా? బండి తోలేవాడి మడమలు నొగ మీద ఆనుతాయి.

మడమలు!

లింగయ్య వంగి పాదాలు చూశాడు. కుడిపాదం ముందుభాగం కిందికి దిగి, కాలివేళ్లు దేన్నో తొక్కుతున్నట్టు ఉన్నాయి. ఎడమపాదం దానికి పూర్తిగా ఎదురు. వేళ్లు పైకి లేచి, మడమ కిందికి దిగి ఉంది. ఒకటి కిందికి, ఒకటి మీదికి. సంచిలో ఇలా ఎవడి కాళ్లు ఉంటాయి?

ఆయన అక్కడే మట్టిలో కూర్చున్నాడు. శవం ఎలా ఉందో అలాగే తన ఒళ్లు మడవడం మొదలుపెట్టాడు. నడుము వంచాడు, మోకాళ్లు మడిచాడు, చేయి చాచి అరచెయ్యి తిప్పాడు, తల ఎడమ భుజం వైపు వాల్చాడు.

ఆడవాళ్ల గుంపులోంచి ఎవరో కిసుక్కుమన్నారు. “ఉస్తాదుకు కురుమూర్తి దయ్యం పట్టిందే!”

“దయ్యం కాదే, మొన్న కల్లు ఇంక దిగలే,” అంది ఇంకొకామె.

లింగయ్యకు అవేవీ వినపడటం లేదు. ఒళ్లంతా కుదిరింది, ఒక్క కుడిపాదం కుదరలేదు. మోకాలు ఆ వంపులో ఉంచి పాదాన్ని కిందికి దించబోతే నేల అడ్డం వస్తోంది. పాదం దిగాలంటే నేల లోపలికి పోవాలి. అటు జరిగాడు, ఇటు జరిగాడు. పీట తెప్పించి దాని మీద కూర్చున్నాడు, ఇప్పుడు తొడలు సరిగా రాలేదు. మళ్లీ నేల మీదికి దిగాడు. నేల మీద కూర్చోవాలి, కాళ్లు మాత్రం నేల కిందికి పోవాలి.

ఆయన లేచి, చెమట పట్టిన మొహం తువ్వాలుతో తుడుచుకుంటూ పక్కనున్నవాళ్లను చూశాడు. అందరూ సాలెవాళ్లు. వీధి వీధంతా ఇళ్లలో నేల తవ్వి, ఆ గుంతలో కాళ్లు దించి కూర్చునే మనుషులు. రోజూ కూర్చునేదే కాబట్టి ఒక్కడికీ తోచలేదు. లేక తోచినవాడు చెప్పలేదు.

ఆయన అమీను చెవిలో నాలుగు మాటలు చెప్పాడు. అమీను బీడీ పారేశాడు.

“కురుమూర్తి ఇల్లు ఎక్కడ?”

వెంకట్రాములు మొహంలో నెత్తురు చుక్క లేదు. “ఇంట్ల ఏమున్నది సాబ్? అన్న దీపం పెట్టేయాల దాక నేసి, కృష్ణ దిక్కు పోయొస్తనని నడుసుకుంట పోయిండు. చెప్పిన గద.”

“చెప్పినవు. చూపెట్టు.”

సాలెగేరిలో ఆ ఇంటికి ఆనుకునే అంజమ్మ ఇల్లు. అరుగు మీద రాట్నం ముందు కూర్చున్న ముసలామె వీళ్లను చూసి లేచింది. కురుమూర్తి నిన్న నేయడం విన్నావా అని అమీను అడిగితే, ఎందుకు వినలేదంది.

“దీపాలు పెట్టెదాక మగ్గం పలక దారాన్ని కొట్టే చప్పుడు ఇనపడుతనే ఉండె. నడుమ మా గేరి పెద్దాయన చీర ఎంతదాక వచ్చిందో సూస్తనని వస్తె, రాములు తలుపు సందుల నిలబడి, ‘అన్న పోగుల లెక్కల ఉన్నడు, కదిలించొద్దు, రేపు రా’ అని పంపిండు. పంపి లోపటికి పోంగనే మల్ల పలక చప్పుడే.”

“మాటలు ఇనపడ్డయా?” అన్నాడు లింగయ్య.

అంజమ్మ ఆలోచించింది. “అదే జర ఎర్రిగ అనిపిచ్చింది. కురుమూర్తి నేసేటప్పుడు నోరు ఊకుంటదా? ‘ఏయ్ రా, పోగు ఏయ్ రా’ అని ఒకటే ఒర్లుతడు. నిన్న పగటేళ దాక ఒర్లిండు. దాని తర్వాత పలక దెబ్బ ఒక్కటే.”

“ఎవరిని ఏయ్యమంటడు?”

“గద్వాల చీర ఒక్కనితోటి అయితదా ఉస్తాదూ? నడుమ బట్ట నూలు, అంచు పట్టు. నడిమి దారం ఏసే నాడె ఒకనిది, అంచు నాడె ఇంకొకనిది. ఇద్దరు పక్కపక్క కూసోవాలె. అన్న కుడిదిక్కు, తమ్ముడు ఎడమదిక్కు. ఇరవై ఏండ్ల సంది గంతే.”

లింగయ్య వెనక్కి తిరగలేదు. వెనక వెంకట్రాములు ఊపిరి మాత్రం వినిపిస్తోంది.

“అంజమ్మా, మగ్గం మీదనే మనిషి పోతె మీదిక్కు ఏం చేస్తరు?”

ముసలామె వెంటనే రెండు చెవులూ ముట్టుకుంది. “అసుంటి మాట ఎందుకు నాయనా! మా నాయన గట్లనే పాయె. మగ్గానికి చావు తాకితె ఆ పడుగు ఉండొద్దు. కోసి కృష్ణల ఇడవాలె. ఎంత నేసినా సరే. దేవుని బట్ట అయితె మొక్కు కూడ పోయినట్టే.”

అమీను తలుపు తోశాడు. లోపల చీకటి, గంజి వాసన. గోడ కిటికీలోంచి ఒక్క పట్టీగా పడ్డ వెలుగులో జములమ్మ చీర కనిపించింది. పసుపు బట్ట, కుంకుమరంగు పట్టు అంచు. నేసిన చీర మగ్గం ముందున్న దోనె కర్రకు చుట్టుకుని ఉంది, నేయాల్సింది మూరెడే మిగిలింది. దాని కింద గుంట, గుంటలో పక్కపక్కన రెండు తొక్కుడు చెక్కలు.

“చూపెట్టు ఉస్తాద్,” అన్నాడు అమీను.

“వొద్దు!” వెంకట్రాములు గడప దాటి వచ్చాడు. “మొక్కు మగ్గం అది. బయటోళ్లు ముట్టొద్దు.”

లింగయ్య ఆగాడు. అది న్యాయమైన మాటే. తాలీం గోదాలోకి చెప్పులతో ఎవడైనా వస్తే తనూ ఊరుకోడు. కానీ ఠాణా కటకటాలు పట్టుకుని ఉన్న రెండు చేతులు ఆయన కళ్లముందు కదిలాయి. ఆ చేతులకు పట్టు నేర్పింది తాను.

“తప్పైతె తల్లి నన్ను అడుగుతది,” అని మొక్కి, ఆయన గుంటలోకి కాళ్లు దించాడు.

నేల అడ్డం రాలేదు. కుడిపాదం చెక్క మీద పడి కిందికి దిగింది. అది దిగగానే రెండో చెక్క దానంతట అదే లేచి ఎడమపాదం వేళ్లను పైకి నెట్టింది. తొడలు ఎదురుగా నిలిచాయి. మోకాళ్లు సగం మడిచాయి. కుడిచెయ్యి ముందుకు చాచి అరచెయ్యి పైకి తిప్పాడు, నాడె వచ్చి అందులో పడాలి. నడుము ముందుకు వాల్చాడు. చెంప దోనె మీది చీరకు ఆనింది, తల దానంతట అదే ఎడమకు తిరిగింది.

అలా కదలకుండా ఉండిపోయాడు. ఎడమకు తిరిగిన ఆయన కళ్లకు ఎదురుగా, తమ్ముడు కూర్చునే ఖాళీ చోటు కనిపించింది.

“లేవు ఉస్తాద్!” వెంకట్రాములు గోడకు కొట్టుకుంటూ కిందికి జారాడు. “లేవు, నీ కాళ్లు మొక్కుత! అట్లనే సూసిండు. అట్లనే నా దిక్కు సూసుకుంట ఉండె!”

లింగయ్య లేచాడు. అమీను గడప దగ్గర చతికిలబడి, చాలా మెత్తగా, “చెప్పు,” అన్నాడు.

“నేను సంపలే సాబ్. ఎవరూ సంపలే. పగటేళ అన్నం తిని కూసున్నం. అన్న ‘ఏయ్ రా’ అన్నడు, నేను అంచు నాడె ఏసిన. ఆయన నాడె రావాలె, రాలె. నేను సూడకుంటనే ఇంకొకటి ఏసిన. గా రెండు పోగులు గిప్పటికి గట్లనే ఉన్నయి సూడుండ్రి, నడిమి దారం పట్టుకోకుంట ఒట్టిగ ఏలాడుతున్నయి. తలెత్తి సూస్తె అన్న చీర మీద పండిండు. కాలు చెక్క మీదనే ఉన్నది, తొక్కి పట్టుకునే ఉన్నది.

“అరుద్దామని లేసిన. మూరెడు మిగిలిన చీర కండ్లవడ్డది. అరిస్తె గేరంత ఉరికొస్తది, వచ్చి పడుగు కోస్తరు. అక్కడ వనపర్తిల పిల్ల నొప్పులు పడుతున్నదో ఏమో. అది నా చేతుల మీద పెరిగింది సాబ్. దాని ఇద్దరు పిల్లలను నా చేతులతోటే పూడ్చిన. మూడోది కూడ నేనే పూడ్చాల్నా?

“గంతల పెద్దాయన తలుపు కొట్టె. పంపిన. మల్ల ఎవరన్న వస్తరని అన్న పక్కన కూసోని పలక కొట్టుకుంట ఉన్న. నేసుడు లేదు, ఉత్తగ కొట్టుడే. పొద్దు గూకెదాక కొట్టిన. లేపి పండవెడదామని పట్టుకుంటె కాళ్లు రాలె. మోకాళ్ల మీద చేతులు పెట్టి ఒత్తిన. అన్న మోకాళ్లు సాబ్, సిన్నప్పుడు నన్ను కూసోవెట్టుకున్న మోకాళ్లు, ఒత్తినా సాగలె. రాత్రి గట్లనే ఎత్తుకొని మా నూలు బండిల పెట్టి మూటలు కప్పిన. కృష్ణ ఒడ్డున పడి పోయిండనుకుంటరు, దయ్యమో గాలో అనుకుంటరు అనుకున్న.

“దేవదాసును పట్టుకపోతరని ఒట్టు, నాకు తెల్వదు. పట్టుకున్నంక నోరు రాలె. చీర గుడి చేరినంక చెప్దామనుకున్న. ఈరమ్మ నా ముందర్నే ఏడ్సుకుంట పాయె, ఉస్తాద్, నేను తల దించుకున్న. రైలు పోతదని తెలిసి కూడ దించుకున్న. గది నా తప్పు. గదానికి ఏం చేస్తవో చెయ్యి సాబ్, దాసును ఇడువు. అన్నను నేను సంపలే, గని ఆయన మెడ తీసి దాసు మెడకు తగిలిచ్చిన. కత్తెర గూట్ల ఉన్నది. పెద్దోళ్లను పిలువుండ్రి, పడుగు నేనే కోస్త. మూరెడు ఉండె సాబ్. మూరెడే.”